టీచరమ్మ కొట్టేసిన టిక్కు

"మోకాలు ఎట్లుండాది నాగమ్మా?" అనింది బస్సు కిటికీలోంచి.

"ఉండాది లే" అంటి, మొగం పక్కకి తిప్పుకోని.

"తైలం పూసుకోని ఎండలో కూర్చో. నీళ్లలో ఎక్కువసేపు నిలబడొద్దు" అనింది.

బస్సు కదిలె. టీచరమ్మకీ నాకూ నడిచిన కడాపటి మాటలు అవే. కళ్యాణదుర్గం బస్టాండులో, మిట్టమధ్యాన్నం. నాలుగేండ్లయినంక కనపడింది మనిషి. నేను ఆమెకి చెప్పాల్సిన మాట ఒగటి ఉండె. అది గొంతులోకి వచ్చేలోపల బస్సు రాయదుర్గం రోడ్డు ఎక్కె. పోనీలే, మల్లా కనపడితే చెప్తాంలే అనుకుంటి. మనిషికి మల్లా అనేది ఒగటి ఉంటాదని నాకు ఎవురు చెప్పినారో.

పోయిన నెల అదే బస్టాండుకి పోతిమి, నేనూ నా మనవరాలు భార్గవీ. నేను చెప్తాంటే ఇప్పుడు రాస్తాండేది ఈ పాపే. గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టినారు. దాంట్లో టీచరమ్మ ఫోటో. నగుతాండాది. చుట్టూ పూలు. ఈ కాలంలో అందురికీ పుట్టినరోజుకి ఫ్లెక్సీలు కడ్తాండారు కదా, అట్లాంటిదే అనుకుంటి.

"చూడు మే, మన టీచరమ్మకి పండగ చేసినారు" అని సంతోషంగా అంటి.

పాప చదివింది. చదివి నా చెయ్యి పట్టుకునింది.

"ఏం రాసినారు?"

"ఏంలేదు అవ్వా, పోదాం పా."

"చదువు మే, నీకు నోరు లేదా?" అని గదమాయిస్తి.

అప్పుడు చదివింది. ఆమె పోయి అప్పటికే పదహైదు దినాలు. మన్ను చేసిందీ అయిపోయిండాది, దినాలు పెట్టిందీ అయిపోయిండాది. నేను ఆడనే మెట్టు మీద కూలబడితి. ఎవురో పుణ్యాత్ముడు కండ్లు తిరిగినాయేమో అని సోడా తెచ్చిచ్చినాడు. తాగితి. ఏం చేస్తాను.

ఆమె పేరు రాయొద్దంటి పాపకి. ఊర్లో చిన్నా పెద్దా అందురికీ ఆమె టీచరమ్మే. ఇప్పుడు కొత్తగా పేరు పెట్టి పిలిస్తే ఎవురో వేరే మనిషి సంగతి చెప్పినట్టుంటాది.

మాది కంబదూరు పక్క పల్లె. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగులూరు. నా కొడుకూ కోడలూ ఆడ కట్టడం పనుల్లో ఉండారు. బిడ్డను నాకు ఇడిసిపెట్టి పోయినారు. మా ఇంటాయన పోయినాక బడిలో పిల్లోల్లకి మధ్యాన్నం అన్నం వండే పని నాకు ఇచ్చినారు. బడి అంటే ఏముంది, రెండు గదులు. ఒగటి పిల్లోల్లకి, ఒగటి బియ్యం మూటలకి. ఒగటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా అందురికీ ఒగే టీచరమ్మ.

తొమ్మిది గంటల బస్సుకి దిగేది. దిగినప్పట్నుంచి అదేందో ఉరుకులాట. చాక్‌పీసు ముక్క కొప్పులో దోపుకునేది, మనం పూలు పెట్టుకునే చోట. సాయంత్రం మర్చిపోయి అట్లనే బస్సెక్కేది. చేతులు తుడుచుకునేకి గుడ్డ ఎతకదు, చీర కుచ్చిళ్లకే తుడిచేది. ఏ చీర కట్టినా కుడిపక్క తెల్ల మరక ఉండాల్సిందే. పిల్లోల్లు తిన్నంక వాళ్ల పక్కనే కింద కూర్చోని నేను వండిందే తినేది. ఒగపొద్దు సాంబారులో ఉప్పు ఎక్కువైంది. రెండు ముద్దలు తిని, నీళ్లు తాగి, "నాగమ్మా, మన ఊరికి వాన అయితే రాలేదు గానీ సముద్రం వచ్చేసిందే" అనింది. పిల్లోల్లంతా దొర్లి దొర్లి నగినారు. నాకు కోపం రావాల్సింది, నగొచ్చింది.

ఎవుర్నీ బాగుందని పొగిడేది కాదు. ఏ పిల్లోడన్నా ఒగ మాట సరిగా చదివినాడంటే, "ఊ, ఇంగ?" అనేది. అంతే. ఆ "ఇంగ" కోసం పిల్లోల్లు కొట్టుకుంటాండ్రి. పక్కూరి అయ్యోరు ఒగాయన వచ్చి, "ఎందుకు మేడం ఇంత తన్నుకలాడ్తారు, అందురికీ చదువు వచ్చు అని రాసి పంపిచ్చెయ్యండి, పైవాళ్లకీ అదే కావాల" అన్నాడు ఒగసారి. నేను పొయ్యికాడ వింటాంటి. "రాసేకి అరనిమిషం సార్. నేర్పేకి ఏడాది. ఆ అరనిమిషం రాసినామంటే ఈ ఏడాది పని ఇంగ ఎవురూ చేయరు" అనింది.

ఆమెకి ఒగ నూనె డబ్బా ఉండె, పైన కోసేసింది. దాంట్లో ఏమేమి ఉండేవనుకున్నారు? విత్తనాల ప్యాకెట్లు, మాత్రల పెట్టెలు, సోపు కవర్లు, పెండ్లి పత్రికలు, బిస్కట్టు కాగితాలు. బస్సులో, అంగట్లో, యాడ కనపడినా ఏరుకోని వచ్చేది. బుక్కులో పాఠం పిల్లోల్లకి నోటికి వచ్చేసింటాది. ఒగే గది కదా, పెద్ద పిల్లోల్లు అరుస్తాంటే చిన్నోల్లు వినీ వినీ అప్పజెప్తారు. చూసేవాళ్లకి చదువుతాండారు అనే ఉంటాది. అందుకని రోజూ అన్నం గంటకి ముందు ఇద్దరో ముగ్గురో ఆ డబ్బాలో చెయ్యి పెట్టి, వచ్చిన కాగితం పట్టుకోని, పొయ్యికాడికి నా దగ్గరికి వచ్చి చదవాల. నేను వినాల. టీచరమ్మ లోపల మిగతా పిల్లోల్లతో ఉండి, తర్వాత వాకిట్లోకి వచ్చి అడిగేది.

"అర్థమయ్యిందా నాగమ్మా?"

కాగితంలో ఏముందో నేను చెప్పాల. చెప్తే ఆ బిడ్డ పేరు పక్కన నోటుబుక్కులో టిక్కు. చెప్పలేకపోతే టిక్కు లేదు, అన్నం తిని రేపు మల్లా రావాల.

మొదటి దినం నేను ఒప్పుకోలే. "నాకు అక్షరమ్ముక్క రాదు. నన్ను పరీక్షకి కూర్చోపెడితే జనం నగరా?" అంటి.

"నీకు రాదు కాబట్టే నువ్వు కావాల. పిల్లోడు తప్పు చదివినా నా మనసు సరిచేసుకోని వింటాది. నీ చెవి అట్ల చేయదు. వాడు చదివితేనే నీకు తెలుస్తాది, లేకుంటే లేదు" అనింది.

మా ఎదురింట్లో గొర్లు మేపేవాళ్ల పాప ఉండె, రెండో తరగతి. ఆ పిల్ల ఒగపొద్దు పెండ్లి పత్రిక తీసింది. ముక్కు చీదుకుంటా, కూడబలుక్కుంటా, నల్లమాడ పక్క ఏదో ఊరు, పెండ్లికూతురి పేరు, ఆమె నాయన పేరు చదివింది. నేను గంటె పట్టుకోని లేచి నిలబడితి.

"ఏందీ! మా చిన్నాయన కొడుకు కూతురికి పెండ్లి అయిపోయిందా? నన్ను పిలవనే లేదే!"

టీచరమ్మ వాకిలి పట్టుకోని, కడుపు పట్టుకోని నగింది. "రెండు టిక్కులు పెట్టాల దీనికి, రెండు!" అనింది. నేను చుట్టాలను తిడ్తాండా, ఆమె నగుతాండాది, సాంబారు పొంగిపోతాండాది. ఆ పాప ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఇంగ చదవాల్నా టీచర్?" అంటాండాది.

నా మాట మీద పుస్తకంలో గుర్తు పడ్తాదంటే ఊరికే ఉంటాదా! నా జన్మలో నా మాట ఎవురూ రాసుకోలే. యాడికి పోయినా వేలు పట్టుకోని సిరాలో ఒత్తినారు, అంతే. ఆ బడిలో మాత్రం నాగమ్మ అర్థమయ్యింది అంటేనే టిక్కు.

ఇంగ ఆ దినం సంగతి.

మండలంలో ప్రతి బడీ, మా బడిలో ఎంతమంది పిల్లోల్లకి చదివేకి వచ్చు అని రాసి పంపాల. అన్ని బడులూ అందురూ చదువుతారని రాసినాయి. మా టీచరమ్మ ఒగతే ఉన్నది ఉన్నట్టు రాసింది. అట్ల మా బడి పేరు కడాకి పాయ. టీ అంగడి కాడ నన్ను చూసి, "ఏమక్కా, మీ బడిలో అన్నం బాగా పెడ్తారంట, చదువే పెట్టరంట కదా" అని ఎగతాళి. పిల్లోల్లు తక్కువైతే బడి మూసేసి వంక అవతలి ఊరి బడిలో కలిపేస్తారని మాట కూడా పుట్టింది. వాన వస్తే పారే ఆ వంక దాటి చిన్న పిల్లోల్లు ఎట్ల పోవాల? అదీ మా అందురి భయం.

ఆఫీసరు సారు చూసేకి వచ్చినాడు. తల్లుల్ని కూడా రమ్మన్నారు, అందురూ గోడకి ఆనుకోని నిలబడినారు. టీచరమ్మ చీటీ ఇచ్చింది, వీళ్లు చదువుతారు, వీళ్లకి ఇంకా రాదు అని. మా భార్గవి మూడో తరగతి. చదివేవాళ్లలో ఉండాది.

"నువ్వు రా పాపా" అని ఆఫీసరు ఈ పాపనే పిలిచి తెలుగు బుక్కు తెరిచి ఇచ్చినాడు.

పాప చదివింది. ఏం చదువు అది! గుక్క తిప్పుకోకుండా, కొళాయి తిప్పినట్టు.

"శభాష్! ఏంటి మేడం, ఇంత బాగా చదువుతుంటే మీ బడి వెనకబడిందని మీరే రాసుకుంటారా?" అన్నాడు. నాకు రొమ్ము ఇంత లావైంది. పక్కనుండే ఆమెని మోచేత్తో పొడిస్తి, చూడు అని.

టీచరమ్మ ఒగ అడుగు ముందుకొచ్చింది. పాప వేలు పక్క చూసింది. వేలు మూడో గీత మీదనే ఉండాది, నోరు పేజీ కడాకి పోయిండాది. టీచరమ్మ మెల్లగా అరచెయ్యి తెచ్చి ఆ పేజీ మీద పెట్టింది. అక్షరాలన్నీ మూసుకుపాయ. పాప గొంతు మాత్రం నిలబడలే. చదువుతానే ఉండాది.

గోడకాడ ఎవురో కిసుక్కుమన్నారు. "టేపురికార్డు" అనింది ఇంగొగామె.

టీచరమ్మ పాపని చూడలే, ఆఫీసర్నీ చూడలే. నా పక్క చూసింది. శానాసేపు చూసింది. తర్వాత ఆ చీటీ తీసుకోని, పాప పేరు పక్కన ఉండే టిక్కుని గీత పెట్టి కొట్టేసింది.

"సార్, నా లెక్క తప్పు. ఒగటి తీసేయండి" అనింది.

"పోనీండి మేడం, ఒక్క పాపకి ఏముంది."

"లేదు సార్. రాదు అని రాస్తే రేపు నేను నేర్పిస్తాను. వచ్చు అని రాస్తే ఈ పాపని ఇంగ ఎవురూ దగ్గర కూర్చోపెట్టుకోరు."

పాప ఏడ్చింది. నేను గంటె ఇసిరికొడితి. అందురి ముందరా అరిస్తి. "తల్లీ నాయనా దగ్గర లేని బిడ్డ పరువు తీసేకి నీకు జీతమా? వచ్చు అని రాస్తే నీ చెయ్యి పడిపోతాదా?"

"అబద్ధం టిక్కు పెట్టేది బిడ్డ నోట్లో మన్ను కొట్టేదే నాగమ్మా" అనింది.

నేను ఊరుకుంటినా? ఇంటింటికీ పోయి చెప్తి. మన బిడ్డలకి చదువు రాదని టీచరమ్మే ఒప్పుకునింది, ఇంగ ఆడ ఎందుకు పెట్టాల అని. కొడుక్కి ఫోను చేసి దుడ్లు పంపిచ్చుకోని దసరా అయినంక భార్గవిని ఫీజు కట్టే వ్యాను బడికి వేస్తి. వ్యాను మా ఊర్లోకి వచ్చింది మొదట మా ఇంటి కోసమే. నన్ను చూసి ఇంగొగరు, వాళ్లని చూసి ఇంకొందురు. సంక్రాంతి దాటేసరికి బడి సగం ఖాళీ. జూనులో తెరిచేపొద్దుకి తాళం. బడి వంక అవతలికి పాయ, టీచరమ్మ రాయదుర్గం అవతలికి పాయ, నా పొయ్యి ఆరిపాయ. వ్యానుకి ఇచ్చుకోలేని వాళ్ల బిడ్డలు నడిచి పోయినారు కొన్ని దినాలు. పెండ్లి పత్రిక చదివిన ఆ ఎదురింటి పాప నెల రోజులు పోయింది. వంకలో కంపచెట్లు, కుక్కలు, తోడు ఎవురూ లేరు. నిలిచిపాయ. ఇప్పుడు గొర్లెంబడి పోతాండాది. పొద్దున్నే మా వాకిలి ముందరే తోలుకోని పోతాది. "అవ్వా, నీళ్లు ఇయ్యి" అని అడుగుతాది. ఇస్తాను. దాని మొగం చూడను.

ఆ వ్యాను బడిలో చీటీ ఇచ్చినారు మా పాపకి, అన్నీ ఫస్టు అని. నేను దాన్ని దేవుని పటం కాడ పెడ్తి.

మన బడికి ఇంకా తాళం పడకముందు, ఒగపొద్దు నీళ్లకి పోతాంటే బస్సు ఆగేకాడ బండ మీద టీచరమ్మ కూర్చోనుండాది, పక్కన మా పాప. వ్యాను ఎనిమిదికి వస్తాది. టీచరమ్మ తొమ్మిది బస్సు మానుకోని ఏడున్నర బస్సుకి వస్తాండాది. ఎప్పట్నుంచో తెల్దు. ఎదురుగా గోడ మీద సిమెంటు రంగు రాత, దాన్ని చూపిచ్చి చదివిస్తాండాది. పాప కూడబలుక్కుంటా, తప్పు పోతా, మల్లా చదువుతాండాది. "ఊ, ఇంగ?" అంటాండాది ఆమె. మా పాప ఆమె బడి పిల్ల కూడా కాదు అప్పటికి. నేను అంగన్‌వాడీ గోడ చాటున నిలబడితి, బిందె దించకుండా. రోజూ అదే పని అయిపాయ నాకు. ఆమె నన్ను చూసిందో లేదో. చూసే ఉంటాది. నన్ను మాత్రం పిలవలే. అర్థమయ్యిందా నాగమ్మా అని అడగలే.

ఉగాది ముందర, మోకాలికని నేను మాత్ర మింగబోతాంటే పాప చేతిలోంచి లాక్కోని చదివింది. "అవ్వా, ఇది దగ్గుది. మోకాలిది కాదు" అనింది. మూడు నెల్లు దగ్గు మాత్రలు మింగినా నేను! నగితి. నగుతా నగుతా ఏడిస్తి. పాపకి చదువు వచ్చింది, నేను ఆ తల్లి కాడికి పోయి ఒగ మాట చెప్పాల కదా. పోలే. ఇంగ రెండు నెల్లు ఉండె బడి మూసేకి. పోయి అందుర్నీ బతిమాలి ఉంటే నలుగురన్నా బిడ్డల్ని ఎనక్కి పంపేవాళ్లేమో. పోలే.

ఎందుకు పోలే అంటే చెప్తా. ఇది ఎవురికీ చెప్పలే ఇంతవరకు.

మూడో తరగతి మొదట్నుంచీ ఈ పాప కూడా డబ్బాలో చెయ్యి పెట్టి కాగితం తెచ్చేది నా దగ్గరికి. దాన్ని అడ్డం పట్టుకోని, నా కండ్లలోకి చూసి, పాఠంలో కుందేలు సంగతి ఏదో గొణిగేది. చేతిలో చూస్తే సోపు కవరు. బిడ్డ కండ్లలో నీళ్లు తిరుగుతాండాయి. పొద్దున సంగటి కూడా సరిగా తినలే. అమ్మ కావాల అని రాత్రంతా ఏడ్చింది.

"అర్థమయ్యిందా నాగమ్మా?"

"అర్థమయ్యింది టీచరమ్మా. సోపు సంగతి."

కవరు మీద బొమ్మ ఉండాది కదా, చూసి చెప్తి. ఒగసారే కదా అనుకుంటి. మర్నాడు ఇంగొగటి. బొమ్మ లేని కాగితం వస్తే నేనే ఏదో ఒగటి కల్పిస్తి. లోపల నలభై గోలల్లో ఉండే మనిషి, నా నోటిని నమ్మింది. నమ్మి టిక్కు పెట్టింది. మా పాప పేరు పక్కన ఉండే టిక్కులన్నీ నేను పెట్టినవే.

ఎందుకు నిలిపితివి మే? రాయి. నువ్వు చిన్నపిల్లవి, నీ తప్పు కాదు. రాయి.

ఆపొద్దు పేజీ మీద చెయ్యి పెట్టినప్పుడు ఆమెకి అంతా తెలిసిపాయ. అందుకే నా పక్క చూసింది. అంతమంది ముందర, నేను గంటె ఇసిరికొట్టి తిడ్తాంటే కూడా, నాగమ్మ చెప్పింది నేను నమ్మినా అని ఒగ మాట అనిందా? నా లెక్క తప్పు అనింది. నా లెక్క అనింది. ఊరు ఆమెని తిట్టింది, బడి పాయ, ఆమె నోరు ఇప్పలే. బస్టాండులో నేను చెప్పాల్సింది ఇదే. నాలుగేండ్లు నమిలి నమిలి పెట్టుకున్న మాట. ఆమె ఏమో మోకాలు ఎట్లుండాది అనింది.

అయిపాయ మే. ఇంతే. రాసినావా అంతా? తల ఊపొద్దు, తల ఊపితే నాకేం తెలుస్తాది. ముసిల్ది కదా అని మెత్తగా రాసింటావు నువ్వు. సోపు సంగతి ఇడిసిపెట్టింటావు. కండ్లు తుడుచుకో, నా పక్క చూడొద్దు. మొదట్నుంచి వద్దులే. నేను చేసిన పని ఉండాది కదా, ఆ కాడ నుంచి చదువు. గట్టిగా చదువు, ఎదురింటికి వినపడినా పర్వాలేదు.